తొమ్మిదో టేకు

తొమ్మిదో టేకు చెరిగిపోయింది ఒక మంగళవారం మధ్యాహ్నం. ఆ సమయానికి చిన్నమ్మాయి రెండు గదుల అవతల కూర్చుని భోజనం చేస్తోంది. ఎదురుగా ఉన్న మేకప్ ఆవిడ తన ఇంట్లో కుళాయి కారుతోందని గోడు వెళ్ళబోసుకుంటే, వాషరు మార్చి చూడమని సలహా కూడా ఇచ్చింది. గోడకవతల యంత్రం తిరుగుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు రోజూ ఉండేదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

పాత టేపుల మీదే కొత్త కార్యక్రమాలు ఎక్కించి, అలా పాతవి చెరిపి మళ్ళీ వాడుకోవడం ఆ టీవీ ఆఫీసు పద్ధతి. ఏది ఉంచాలో ఏది చెరపాలో టేపుల గది పెద్దాయన తనంతట తాను తేల్చడు. షూటింగు జరుగుతున్నప్పుడు పక్కన కూర్చుని, ఒకే దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ తీసే ప్రతి టేకుకీ నంబరు వేసి, ఎంతసేపు నడిచిందో రాసి, చివరి గడిలో 'ఉంచాలి' అనో 'పనికిరాదు' అనో రాసే మనిషి ఒకరుంటారు. ఆ కాగితాన్ని పట్టీ అంటారు. పెద్దాయన పట్టీ చూస్తాడు, పనికిరాదని ఉన్న టేపును యంత్రంలో పెడతాడు. అంతే.

పదిహేనేళ్ళుగా ఆ పట్టీలు రాస్తున్నది చిన్నమ్మాయే. ఆమె అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా, అచ్చు గుద్దినట్టు ఉంటాయి. పెద్దాయన వాటిని ఏనాడూ తప్పు చదవలేదు. ఆ మంగళవారం కూడా తప్పు చదవలేదు.

ఆఫీసులో ఆమెను పట్టీ మేడం అంటారు. నలభై నాలుగేళ్ళు వచ్చినా ఇంట్లో మాత్రం చిన్నమ్మాయే. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు, ఆమే, తండ్రీ. అన్నయ్య, వదిన ఊరికి అవతలి కొసన ఉంటారు.

తండ్రి ఇరవై రెండేళ్ళు ఒక డ్యాన్సు హాలు బ్యాండులో ట్రంపెట్ వాయించాడు. జాజ్ తప్ప మరొకటి వాయించేవాడు కాదు. ఆయన పనికి వెళ్ళేసరికి పిల్లలకు నిద్రవేళ, వాళ్ళు బడికి బయల్దేరేసరికి ఆయనకు నిద్రవేళ. అందుకని తండ్రి వాయించగా పిల్లలు విన్నది తక్కువ. వాళ్ళకు బాగా గుర్తున్నది సాయంత్రాలు ఆయన మెత్తటి గుడ్డతో ట్రంపెట్ తుడుచుకోవడం. తర్వాత ఆయనకు ముందుపళ్ళు పోయాయి. కట్టుడుపళ్ళు పెట్టించుకున్నాడు. వాటితో అన్నీ తినగలిగాడు గానీ ట్రంపెట్ వాయించలేకపోయాడు. పెదవుల మీద ఇత్తడి గట్టిగా ఆనాలంటే వెనక సొంత పళ్ళుండాలట. పెట్టె మంచం కిందికి వెళ్ళింది. పదకొండేళ్ళు అక్కడే ఉంది. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, "పళ్ళు రాలగొడతానని నా జీవితంలో చాలామంది బెదిరించారు, చివరికి ఎవరూ అక్కర్లేకుండా అవే రాలిపోయాయి" అని తనే నవ్వేసేవాడు.

ఆ యేడు దర్శకుడికి ఒక ఆలోచన వచ్చింది. టీవీలో సంగీత విద్వాంసుల మీద గంభీరమైన డాక్యుమెంటరీలు వస్తుంటాయి కదా, పాత ఫొటోలు, పొగలో దీపాలు, బరువైన గొంతుతో వ్యాఖ్యానం. వాటికి ఒక పేరడీ తీయాలని. కథంతా ఒక కల్పిత జాజ్ మహానుభావుడిది. ఆయన నలభై ఏళ్ళుగా ట్రంపెట్ ఎత్తి, కళ్ళు మూసుకుని, ఊపిరి తీసుకుంటూనే ఉన్నాడు. ఇంతవరకు ఒక్క స్వరం వాయించలేదు. పండితులు మాత్రం ఆ ఊపిరి గురించి పుస్తకాలు రాశారు. ఒకాయన కళ్ళజోడు తీసి, "వాయిస్తే అందరూ గొప్పవాళ్ళే, వాయించకుండా నిలబడటం ఈయనకే చెల్లింది" అంటాడు. ఫొటోల్ని టీ నీళ్ళలో నానబెట్టి పాతవాటిలా చేశారు. ఇక కావలసింది ట్రంపెట్ పట్టుకోవడం తెలిసిన ఒక ముసలాయన.

"మా నాన్నగారున్నారు సార్" అంది చిన్నమ్మాయి.

ఆ సాయంత్రం తండ్రికి చెప్పింది. ఆయన అడిగింది ఒక్కటే.

"వాయించాలా?"

"అక్కర్లేదు నాన్నా. వాయించకపోవడమే జోకు."

"అయితే నాకంటే తగినవాడు దొరకడు మీకు" అని ఆయన వంగి మంచం కింద నుంచి పెట్టె లాగాడు.

షూటింగుకు ఇంకా రెండున్నర నెలల గడువుంది. ఆ రెండున్నర నెలలు ఆయన పగటిపూట ఇంట్లో ఏం చేస్తున్నాడో ఆమె అడగలేదు.

షూటింగు రోజున ఆయన పాత నల్ల కోటు వేసుకున్నాడు. ఎనిమిది టేకులు ఒక్క తీరుగా చేశాడు. ఎత్తడం, కళ్ళు మూయడం, నిండుగా ఊపిరి తీసుకోవడం, దించడం. ఆరో టేకు అందరికీ నచ్చింది. దర్శకుడు చప్పట్లు కొట్టి అయిపోయిందన్నాడు. లైట్లు దించే మనిషి నిచ్చెన ఎక్కాడు. అప్పుడు తండ్రి నెమ్మదిగా అన్నాడు:

"బాబూ, ఇంకొక్కసారి తీస్తారా?"

"ఎందుకండీ, ఆరోది అదిరిపోయింది!"

"ఒక్కసారి. మళ్ళీ అడగను."

దర్శకుడు మంచివాడే. "సరే పెద్దాయనా, మీ ముచ్చట నేనెందుకు కాదనాలి" అని కొత్త టేపు పెట్టించాడు. చిన్నమ్మాయి పట్టీలో తొమ్మిది అని వేసింది. గడియారం మీట నొక్కింది.

ఆయన ట్రంపెట్ ఎత్తాడు. కళ్ళు మూశాడు. ఊపిరి తీసుకున్నాడు. ఈసారి దించలేదు.

మొదటి స్వరం జీరగా, చీలిపోయి వచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు. రెండోది జారింది. మూడోది నిలబడింది. ఆ తర్వాత నవ్వు వినబడలేదు. నిచ్చెన మీది మనిషి దీపం వేడిగా ఉందన్న సంగతి మరిచిపోయి దాన్ని అలాగే పట్టుకుని ఉండిపోయాడు. ఆ అరచేయి బొబ్బలెక్కి ఉండటం మర్నాడు అందరూ చూశారు. ఆ వాయించింది ఏ పాటో, ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో చిన్నమ్మాయికి తెలియలేదు. సంగీతం ఆమెకు అబ్బలేదు. పైగా ఆమె పని గడియారం చూడటం. ఆమె గడియారమే చూసింది. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.

దర్శకుడే ముందు తేరుకున్నాడు.

"అద్భుతం పెద్దాయనా. నిజంగా. కానీ మనకి పనికిరాదు. ఇంత బాగుంటే జోకు చచ్చిపోతుంది." ఆమెవైపు తిరిగాడు. "రాసుకోండి మేడం."

"రాశాను సార్."

కార్యక్రమం ఒక ఆదివారం సాయంత్రం వచ్చింది. తండ్రీకూతుళ్ళు పక్కపక్కనే కూర్చుని చూశారు. పండితుడు కళ్ళజోడు తీసిన చోట ఆయన పగలబడి నవ్వాడు. తన ఊపిరి వచ్చిన చోట నవ్వలేదు, ముందుకు వంగి చూశాడు. ఊపిరి తీసుకోగానే బొమ్మ మారిపోయింది. అంతా అయ్యాక ఆయన మంచినీళ్ళు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి అడిగాడు.

"ఆ చివరిది ఎక్కడైనా దాస్తారా అమ్మా?"

"ఉంటుంది నాన్నా. రేపు అడుగుతాను."

సోమవారం పొద్దున ఆమె ఆఫీసుకు వెళ్ళేసరికి టెలిఫోన్లు మోగిపోతున్నాయి. ఆ గొడవలో ఆమె అడగలేదు. మర్నాడు మంగళవారం.

బుధవారం నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ఆ ఆఫీసులో ఏ కార్యక్రమానికీ అన్ని ఉత్తరాలు రాలేదు. చూసినవాళ్ళు రెండుగా చీలిపోయారు. ఒకరు నవ్వి నవ్వి కడుపు చెక్కలైందని రాస్తే, మరొకరు ముసలాయన్ని కూర్చోబెట్టి ఆటపట్టిస్తారా, మీకు తల్లిదండ్రులు లేరా అని రాశారు. జాజ్ అంటే ఏమిటో తెలియకుండా దాన్ని వెక్కిరించడమేమిటని ఒకరు కడిగేస్తే, తెలిసినవాడే ఇంత బాగా వెక్కిరించగలడని మరొకరు మెచ్చుకున్నారు. ఆ మహానుభావుడి రికార్డులు ఏ షాపులో దొరుకుతాయని నలుగురు అడిగారు. ఒక ఉత్తరంలో సగం వరకు భర్త పొగుడుతూ రాశాడు. కింద భార్య గీత గీసి, "పైన ఆయన రాసింది పట్టించుకోకండి, ఆయన అన్నిటికీ నవ్వుతారు" అని తన మాట చేర్చింది.

ఉత్తరాల్ని విడదీసే పని కూడా పట్టీ మేడం మీదే పడింది. మెచ్చినవి ఎడమ తొట్టెలో, తిట్టినవి కుడి తొట్టెలో. రోజూ వందకు పైగా వస్తుంటే అన్నీ చివరిదాకా చదివే తీరిక లేదు. మొదటి వాక్యంలోనే మనిషి ఏ పక్షమో తెలిసిపోయేది.

అన్నయ్య ఏ పక్షమో కూడా ఫోనెత్తగానే మొదటి వాక్యంలోనే తెలిసింది.

"నాన్నని ఊరందరి ముందు నవ్వులపాలు చేశావు. చాలా? తృప్తిగా ఉందా?"

"అన్నయ్యా, నాన్నకి నచ్చింది. ఆయన్నే అడుగు."

"అడిగితే నీ మనసు కష్టపెడతాడా ఆయన? ఒకప్పుడు ఆయన వాయిస్తుంటే జనం నిలబడి వినేవాళ్ళు. ఇప్పుడేమో ఊదలేని ముసలాడు. మా ఆఫీసులో నన్ను చూసి ఊపిరి పీల్చి చూపిస్తున్నారు తెలుసా?"

ఫోను పెట్టేశాడు. తర్వాత ఆమె చేస్తే వదిన ఎత్తి, స్నానం చేస్తున్నారనో పడుకున్నారనో చెప్పేది.

తండ్రి సాయంత్రాలు ఉత్తరాల కోసం ఎదురుచూసేవాడు. ఆమె ఎడమ తొట్టెలోవి మాత్రమే సంచిలో వేసుకుని తెచ్చి చదివి వినిపించేది.

"అన్నీ పొగడ్తలేనా? తిట్టినవాళ్ళు లేరూ?"

"ఒకరిద్దరు ఉన్నారు నాన్నా. వాళ్ళకి జోకు అర్థం కాలేదు."

"అవి కూడా తేకూడదూ? హాల్లో కూడా అంతే. చప్పట్లు కొట్టేవాడు సగమే వింటాడమ్మా. అరిచేవాడు మొత్తం విని అరుస్తాడు."

"తెస్తాను" అంది ఆమె. తేలేదు. ఈ వయసులో ఆయనకు ఆ మాటలు ఎందుకు అనుకుంది.

టేపు గురించి ఆయన మరో రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ వేరే మాటల మధ్య, గుర్తొచ్చినట్టుగా. "తీసిపెడతామన్నారు నాన్నా" అని ఆమె చెప్పింది. అది అబద్ధమని ఆమె అనుకోలేదు. అడిగితే తీసిపెడతారు. అడగాల్సి ఉంది, అంతే.

నాలుగో వారంలో, ఒక గురువారం పొద్దున, చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది. గుండె అన్నారు. పై గుండీ ఆమే పెట్టింది.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక అన్నాచెల్లెళ్ళిద్దరే మిగిలారు. అన్నయ్య ట్రంపెట్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, తెరవకుండా.

"జనానికి ఆయన అలాగే గుర్తుంటాడు. గాలి పీల్చుకునే ముసలాడు" అన్నాడు. గొంతులో కోపం అయిపోయింది, బాధే ఉంది.

"కాదన్నయ్యా. ఆ రోజు ఆయన వాయించాడు. నిజంగా వాయించాడు. నేను అక్కడే ఉన్నాను."

"ఆ పళ్ళతోనా? నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పకే."

"నీ మీద ఒట్టు. టేపుంది."

అన్నయ్య చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. "అయితే వినిపించు" అన్నాడు. "ఆదివారం వస్తాను. వినిపించు."

మర్నాడు ఆమె టేపుల గదికి వెళ్ళింది. పెద్దాయన ఆమెను కూర్చోబెట్టి, నాన్నగారి గురించి రెండు మంచి మాటలు చెప్పి, పుస్తకం తెరిచి వేలితో వరసలు వెతికాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఇది ఎప్పుడో చెరిపేశాం కదండీ. సైకిలు పందేల మీద నాలుగైదు నిమిషాల కార్యక్రమం ఎక్కించాం దీని మీద."

"ఎవరు చెరపమన్నారు?"

పెద్దాయన పట్టీల కట్ట విప్పి ఒక కాగితం తీసి ఆమె ముందుంచాడు. తొమ్మిది. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. పనికిరాదు. గుండ్రటి, విడివిడి అక్షరాలు.

ఏ డాక్యుమెంటరీలోనైనా బాగా వాయించింది ఉంచుతారు, వాయించలేకపోయింది చెరుపుతారు. ఈ ఒక్క కార్యక్రమంలోనే అది తలకిందులైంది. ఆమె కార్యక్రమానికి తగ్గట్టు రాసింది. వేరుగా రాయాలని అప్పుడు తోచలేదు.

"సైకిళ్ళది కొంచెం తక్కువ నిడివండీ" అన్నాడు పెద్దాయన, ఆమె మొహం చూడలేక. "చివర ఏమైనా మిగిలిందేమో చూద్దామా?"

టేపు పెట్టాడు. సైకిళ్ళు పోయాయి, పేర్లు పోయాయి, తెర మీద బూడిదరంగు చుక్కలు కాసేపు కదిలాయి. తర్వాత ఒక్కసారిగా తండ్రి కనిపించాడు.

వాయించడం అప్పటికే అయిపోయింది. ట్రంపెట్ ఒళ్ళో ఉంది. ఆయన జేబురుమాలుతో మూతి తుడుచుకుంటున్నాడు. దర్శకుడి గొంతు, "...జోకు చచ్చిపోతుంది. రాసుకోండి మేడం." ఆమె గొంతు, "రాశాను సార్." ఆయన దర్శకుడి వైపు చూడటం లేదు. పక్కకు తిరిగి, ఆమె కూర్చున్న వైపు చూస్తున్నాడు. కనుబొమ్మలు కొద్దిగా పైకి ఎత్తి, ఎలా ఉందమ్మా అన్నట్టు. ఆమె తలెత్తుతుందేమోనని చూస్తూనే ఉన్నాడు. అక్కడితో బొమ్మ ఆగిపోయింది.

పద్నాలుగు సెకన్లు. అలవాటుగా ఆమె లెక్కపెట్టింది.

"దీన్ని మళ్ళీ వాడకండి" అంది.

"మీ చేత్తో రాసివ్వాలండీ" అన్నాడు పెద్దాయన మెల్లగా. "నా అంతట నేను ఉంచలేను." ఆమె పట్టీ మీద పాత మాట కొట్టేసి పక్కన 'ఉంచాలి' అని రాసింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

ఆ సాయంత్రం ఆమె కుడి తొట్టె ముందు కూర్చుంది. ఆయన తెమ్మన్న ఉత్తరాలు అవి. ఇప్పుడైనా చదవాలనిపించింది. ఒక్కొక్కటీ మొదటి నుంచి చివరిదాకా చదివింది. నలభయ్యో యాభయ్యో అయ్యాక నీలం సిరా ఉత్తరం ఒకటి వచ్చింది. "మీకు సిగ్గు లేదా?" అని మొదలైంది. ఆ వాక్యం ఆమెకు గుర్తే. అప్పట్లో అంతవరకే చదివి కుడి తొట్టెలో వేసింది.

"నేను పళ్ళ డాక్టరును" అని తర్వాతి వాక్యం. "ముప్ఫై ఏళ్ళుగా కట్టుడుపళ్ళు చేస్తున్నాను. మీరు చూపించిన పెద్దాయనవి కట్టుడుపళ్ళు. దగ్గర నుంచి చూపించినప్పుడు ఆయన పైపెదవి మీద కొత్తగా పడిన వలయం గుర్తు కనిపించింది. ఊరికే పట్టుకుంటే ఆ గుర్తు పడదు. కట్టుడుపళ్ళతో ఆ వాద్యం వాయించడం కుదరదని నేనే ఎంతోమందికి చెప్పి పంపించాను. ఆయన రోజుకు గంటల తరబడి, కనీసం రెండు నెలలు, నొప్పి ఓర్చుకుని సాధన చేసి ఉండాలి. అలాంటి మనిషి ఊపిరి తీసుకోగానే మీరు కోసేశారు. దాన్ని జోకు అన్నారు. నాకు నవ్వు రాలేదు. నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆ ఊపిరి తర్వాత ఆయన ఏం వాయించారు? దయచేసి జవాబు ఇవ్వండి. వీలైతే ఆయనకు నా నమస్కారం చెప్పండి."

ఉత్తరం మీద ఆఫీసుకు అందిన తేదీ ముద్ర ఉంది. ఆయన పోవడానికి పదహారు రోజుల ముందు వచ్చింది.

ఇంటికి వెళ్ళే దారిలో కింది ఇంటి పిన్నిగారు మెట్ల దగ్గర కనిపిస్తే, నాన్న ట్రంపెట్ వాయించడం ఎప్పుడైనా విన్నారా అని ఆమె అడిగింది.

"అయ్యో, నీకు తెలీదూ?" అంది పిన్నిగారు. "నువ్వు గడప దాటగానే మొదలెట్టేవారమ్మా. దాని నోట్లో తువ్వాలు కుక్కి మరీ. ఏదో దూడ జలుబు చేసి అరిచినట్టుండేది మొదట్లో. ఏంటండీ ఈ గోల అని అడిగితే, అమ్మాయికి చెప్పకండి, చూపిద్దామని అన్నారు."

ఆదివారం అన్నయ్య వచ్చాడు. వదిన కూడా వచ్చింది. ఆమె ఏదీ దాచలేదు. పట్టీ సంగతి, మంగళవారం సంగతి, కుడి తొట్టె సంగతి, వరసగా చెప్పింది. ఉత్తరం చేతికిచ్చింది. అన్నయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"నేను మొదటి అయిదు నిమిషాలే చూశానే" అన్నాడు చివరికి. "నాన్న కనిపించకముందే కట్టేశాను. ఆఫీసులో వాళ్ళు చెప్పింది విని నీ మీద అరిచాను."

వదిన లేచి వంటింట్లోకి వెళ్ళింది. అన్నయ్య పెట్టె తెరిచి ట్రంపెట్ తీశాడు. దాని నోట్లో చెయ్యి పెట్టి చూశాడు. తెల్లటి తువ్వాలు పోగు ఒకటి వేలికి చుట్టుకుని వచ్చింది.

"ఏం వాయించాడే?"

"తెలీదన్నయ్యా."

"కొంచెమైనా. ఎలా పోయింది? కూనిరాగం తీసి చూపించు."

ఆమె నోరు తెరిచింది. మొదటిది చీలింది, రెండోది జారింది, మూడోది నిలబడింది. అంతవరకు మాటల్లో చెప్పగలిగింది. శబ్దం రాలేదు.

"ఎంతసేపు?"

"నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు."

అన్నయ్య తలూపాడు, అదే చాలన్నట్టు. అది చాలదని ఇద్దరికీ తెలుసు.

షూటింగు రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళందరినీ ఆమె అడిగింది. బాగుందన్నారు. నిచ్చెన మనిషి అరచేతిని చూపించాడు. ఎవరూ ఒక్క ముక్కైనా కూనిరాగం తీసి వినిపించలేకపోయారు.

పళ్ళ డాక్టరు ఉత్తరం ఇప్పుడు ఆమె బల్ల మీద ఉంది, కుడి తొట్టెలోనూ కాదు, ఎడమ తొట్టెలోనూ కాదు. పక్కన తెల్లకాగితం మీద చిరునామా, తేదీ, 'డాక్టరు గారికి నమస్కారం' అన్న మాట ఉన్నాయి. తేదీ మూడుసార్లు మార్చింది. జవాబు ఇంకా రాయలేదు.